సకాలంలో కట్టిన పాపం

హుసేనయ్య జీవితంలో చేసిన నేరం ఒక్కటే. బ్యాంకు బాకీని గడువుకు ముందే కట్టేవాడు. ఒకసారి చేస్తే పొరపాటని ఎవరైనా సరిపెట్టుకుంటారు. ఆయన నెలనెలా చేశాడు. చేసి, రసీదు కూడా అడిగి పుచ్చుకున్నాడు.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద ఆయనది పరుపుల అంగడి. తాతల నాటి నుంచి దూదేకుల పని. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పాత పరుపులు విప్పి దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఆ విల్లు ఇప్పటికీ అంగట్లో గోడకు వేలాడుతోంది. దాని కింద కరెంటుతో దూది ఏకే మిషను ఉంది. ఈ కథలో జరిగిన రభస అంతా ఆ మిషనుతో మొదలైంది, పాపం దానికి ఏమీ తెలియకపోయినా.

హుసేనయ్యకు ఒక్కటే కోరిక. భార్య మాబున్నితో కలిసి హజ్‌కు పోవాలి. అదీ వడ్డీ అంటని డబ్బుతో పోవాలి. వీధికో ఫైనాన్సు బోర్డు వేలాడే ఊళ్ళో వడ్డీ ఇవ్వకుండా, పుచ్చుకోకుండా తల నెరిసేదాకా నెట్టుకొచ్చాడు. అప్పు చేయకుండా మిషను కొనే దారి లేదు, వడ్డీ లేకుండా అప్పిచ్చేవాడు లేడు. అట్లా విల్లుతోనే చేతులు నొప్పులు పెట్టించుకుంటున్న రోజుల్లో, సకలజన సౌభాగ్య సహకార బ్యాంకు వాళ్ళకు ఒక్కసారిగా ముస్లిముల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ ప్రేమను బొంబాయి నుంచి ఒక కన్సల్టెంటు తెచ్చాడు. వడ్డీ మీద పట్టింపుతో బ్యాంకుకు రానివాళ్ళు ఈ జిల్లాలో ఎంతోమంది ఉన్నారని, వాళ్ళ డబ్బంతా ఇళ్ళల్లో పరుపుల కింద నిద్రపోతోందని ఆయన తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించాడు. ఆ పరుపులు కుట్టిన మనిషిగా హుసేనయ్యకు తెలుసు, వాటి కింద నల్లులు తప్ప మరేమీ నిద్రపోవడం లేదు. కానీ ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆకుపచ్చ రంగు మీద బంగారు నెలవంకతో 'బర్కత్ కార్డు' తయారైంది.

బ్రాంచి మేనేజరు శేషఫణి అంగడికి స్వయంగా వచ్చాడు. ఆయన మామూలు మాటను కూడా సర్క్యులరు చదివినట్టే పలికేవాడు. ఇంట్లో భార్యను మంచినీళ్ళు అడగడానికి కూడా 'తగు చర్య నిమిత్తం' అంటాడని బ్రాంచిలో చెప్పుకునేవారు.

"వడ్డీ అనే పదార్థం ఇందులో లేశమాత్రమూ లేదు హుసేనయ్య గారూ. ఏటా నిర్ణీత సేవా రుసుము మాత్రమే. మీరు మిషను కొనుక్కోండి. నెలకింత చొప్పున పదో తేదీలోగా చెల్లించుకోండి."

"పదో తేదీ దాటితే?"

"దాటితే కొంత సొమ్ము అదనంగా చెల్లిస్తారు. అయితే అందులో నయాపైసా కూడా బ్యాంకు ముట్టదు. మొత్తం పేదల నిధికి పోతుంది. దానిని మీరు స్వచ్ఛందంగా దానం చేస్తారు."

"ఇయ్యలేకపోతే సార్?"

"స్వచ్ఛందంగా ఇవ్వాల్సిందే. అందుకే ముందుగా సంతకం తీసుకుంటున్నాం."

ఈ ఏర్పాటు బ్యాంకు బుర్రలో పుట్టింది కాదు. కార్డు ధర్మానికి లోబడి ఉందో లేదో చూడటానికి మౌలానా జైనుల్లా సాహెబును బ్యాంకు సలహాదారుగా పెట్టుకుంది. ఆలస్య రుసుమును బ్యాంకు తింటే వడ్డీకి మారువేషం వేసినట్టేనని, ఆ డబ్బు పేదలకు పోవాలని ఆయన గట్టిగా పట్టుబట్టాడు. మంచి మాట. బ్యాంకు వాళ్ళు ఆ మంచి మాట విని ఆయనకు శాలువా కప్పి, సమోసాలు పెట్టి పంపించారు. ఆ తర్వాత ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన కూడా ఎవరినీ ఏమీ అడగలేదు. శాలువా వెచ్చగానే ఉండింది.

హుసేనయ్య కార్డు మీద మిషను కొన్నాడు. నెల మొదలు కాగానే డబ్బు పట్టుకుని బ్యాంకుకు పోయి కట్టి వచ్చేవాడు. మాబున్ని రసీదులను పిండి డబ్బా వెనక దాచేది. అంతా సవ్యంగా నడిచింది, బ్యాంకు చైర్మను గారికి పుణ్యం రుచి తగిలేదాకా.

మొదటి ఏడాది జనం జనంలాగే ప్రవర్తించారు. అంటే ఆలస్యంగా కట్టారు. పేదల నిధిలో డబ్బు పడింది. ఆ డబ్బుతో కుట్టుమిషన్లు కొని చైర్మను గారు షామియానా కింద పంచిపెట్టారు. ఆయన అంతకుముందు ఎన్నో ఏళ్ళు అప్పులిచ్చారు, ఒక్కడూ దండ వేయలేదు. అప్పులు వసూలు చేశారు, తిట్లు మాత్రం తిన్నారు. ఇప్పుడు జరిమానా వసూలు చేస్తే దండలు పడుతున్నాయి, జిల్లా పేజీలో ఫోటో పడుతోంది. వక్తలు ఆయన్ను దానకర్ణుడన్నారు. దానం చేసిన డబ్బు ఎవరిదో ఆ షామియానా కింద ఎవరికీ గుర్తు రాలేదు.

నెల తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. ఇక మీదట ప్రతి బ్రాంచికీ డిపాజిట్ల లక్ష్యం, అప్పుల లక్ష్యంతోపాటు దానాల లక్ష్యం కూడా ఉంటుంది. లక్ష్యాన్ని చేరుకోని మేనేజర్ల మానవతా దృక్పథాన్ని బదిలీల సమయంలో పరిశీలిస్తారు.

దానం రావాలంటే ఆలస్యం జరగాలి. అందుకని బ్యాంకు ఆలస్యాన్ని పెంచే పనిలో పడింది. మొండి బాకీల వసూలు విభాగం పేరు 'దాన ప్రోత్సాహక విభాగం'గా మారింది. మనుషులు వాళ్ళే, మీసాలు అవే. ఇదివరకు గడప దగ్గర నిలబడి ఎప్పుడు కడతావని కేకలేసినవాళ్ళే, ఇప్పుడు తొందరేముంది సామీ అని అరుగు మీద కూర్చుని వానల గురించీ పిల్లల చదువుల గురించీ కబుర్లు చెప్పేవాళ్ళు. పదో తేదీ మధ్యాహ్నం బ్యాంకుకు బయల్దేరినవాళ్ళను దారిలో ఆపి టీ ఇప్పించేవాళ్ళు. ఫోన్లకు వచ్చే సందేశం కూడా మారింది. 'ప్రియమైన ఖాతాదారుడా, మీ గడువు సమీపిస్తోంది. తొందరపడకండి.'

ఇంత చేసినా మైదుకూరు రోడ్డు బ్రాంచి పట్టికలో ఒక పేరు ఎదుట ఎప్పుడూ సున్నాయే. శేషఫణి ఆ పేరున్న మనిషిని పిలిపించాడు.

"కూర్చోండి. మీ ఖాతాను సమీక్షించాం. చాలా బాధాకరమైన అంశాలు మా దృష్టికి వచ్చాయి."

హుసేనయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. "ఏమన్నా తప్పు పోయినానా సార్? అన్నీ కట్టినానే."

"అదే విషయం. అన్నీ కట్టారు. ఒక్కటంటే ఒక్క నెల కూడా పేదవాడి గురించి ఆలోచించలేదు. మీరు సకాలంలో చెల్లించిన ప్రతిసారీ ఈ పట్టణంలో ఒక పేదవాడికి రావలసిన సాయం ఆగిపోయింది. మిమ్మల్ని చూస్తే ఇంత కఠినులని అనిపించదు."

శుక్రవారం నమాజుకు పోయేటప్పుడు చిల్లర పంచకుండా ఏనాడూ మసీదు మెట్టెక్కని మనిషి హుసేనయ్య. జేబులోంచి కొన్ని నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"పేదలకంటే నాకేం బాధ సార్. ఇదో, దీన్ని ఆ నిధిలో ఎయ్యండి."

శేషఫణి ఆ నోట్లను పెన్సిలుతో వెనక్కి తోశాడు. "మీరు ఎప్పుడు ఆలస్యం చేశారు?"

"చేయలేదు కదా."

"చేయనప్పుడు ఇది ఏ పద్దు కింద జమ చేసుకోవాలి? ఆలస్యం లేని దానానికి మా దగ్గర పద్దు లేదు. కారణం లేకుండా మంచి చేస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు."

ఆ వారమే బ్యాంకు నోటీసు బోర్డు మీద, నిర్దయగా గడువులోపల చెల్లిస్తున్న ఖాతాదారుల పేర్లు వెలిశాయి. మొదట్లో ఐదారు పేర్లుండేవి. మిగిలినవాళ్ళు సిగ్గుపడి ఒక నెల ఆలస్యం చేసి మంచివాళ్ళయిపోయారు. చివరికి హుసేనయ్య పేరు ఒక్కటే మిగిలింది. బోర్డు పెద్దది కావడంతో అక్షరాలు కూడా పెద్దవి చేశారు.

ఊరు ఊరే. టీ అంగడి దగ్గర మాటలు ఆగిపోసాగాయి. పరుపు బేరం చేయడానికి వచ్చినవాళ్ళు కూడా, నీకు దయ లేదంట కదా హుసేనయ్యా, రేటన్నా తగ్గించు అనడం మొదలుపెట్టారు. అన్నిటికంటే ఆయన్ను కోసేసింది ఖాసింబీ మాట. ఆమె ఆ అంగడికే పరుపుల గలేబులు చేత్తో కుట్టి ఇచ్చే మనిషి. వరసకు మామా అని పిలుస్తుంది. కుట్టుమిషను కోసం బ్యాంకులో పేరు రాయించుకుంది. తిరిగి తిరిగి అడిగితే బ్యాంకు వాళ్ళు ఆమెకు ఉన్న సంగతి చెప్పేశారు.

"మామా, నా మిషను నీ దగ్గరే ఆగిపోయిందంట," అంది ఖాసింబీ, కుట్టిన గలేబులు దించుతూ.

"నా దగ్గరేంది తల్లీ?"

"నువ్వు ముందుగా కడ్తాండావంట కదా. నువ్వు ఒక్క నెల నిదానంగా కడితే నిధి నిండుతాదంట, నాకు మిషనొస్తాదంట. నీకేం పోయింది మామా? ఒక్క నెల."

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆమెకు చెప్పినదే ఆమె చెప్పింది. హుసేనయ్య ఆ రోజు అన్నం సరిగా తినలేదు. బాకీ తీర్చడం తప్పెట్లా అయిందో ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. తాను ఎక్కడో ఏదో పాపం చేసే ఉంటానని మాత్రం అనిపించసాగింది.

సరిగ్గా అప్పుడే హజ్ యాత్ర డ్రాలో పేర్లొచ్చాయి. ఆయనదీ మాబున్నిదీ ఇద్దరివీ వచ్చాయి. మాబున్ని తలుపు చాటుకు పోయి కళ్ళు తుడుచుకుంది. బయల్దేరేముందు రెండు పనులు చేయాలి. తీర్చగలిగిన బాకీలన్నీ తీర్చాలి. తెలిసినవాళ్ళందరి దగ్గరికీ పోయి, మా వల్ల ఏదైనా నొప్పి కలిగి ఉంటే మన్నించమని అడగాలి. ఇద్దరూ దేవుని ఇంటికి అట్లా తేలికగా పోవాలన్నది ఆయన పంతం. ఆయనకు లోకంలో ఉన్న బాకీ కార్డు బాకీ ఒక్కటే. మిగిలిన కంతులన్నీ ఒకేసారి కట్టేయడానికి డబ్బు సంచిలో వేసుకుని బ్యాంకుకు పోయాడు.

కౌంటరు మూసి ఉంది. అద్దం మీద కాగితం అంటించి ఉంది. 'దానోత్సవాల సందర్భంగా ప్రతినెలా పదో తేదీ వరకు కార్డు చెల్లింపులు స్వీకరించబడవు.'

లోపల శేషఫణి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మనిషి కొంచెం చిక్కాడు. సిబ్బంది అందరిచేతా బ్యాంకు బర్కత్ కార్డు తీయించింది. జీతాలు మాత్రం ఇప్పుడు పదకొండో తేదీన వేస్తోంది. దాంతో సిబ్బంది నూటికి నూరుపాళ్ళూ దాతలైపోయారు.

"సార్, నేను హజ్‌కు పోతాండ. అప్పు పెట్టుకుని పోయేకి లేదు. మొత్తం తెచ్చినా. జమ చేసుకుని, బాకీ లేదని ఒక సర్టిఫికెట్టు ఇయ్యండి."

శేషఫణి కంప్యూటరు వైపు తిరిగి చాలాసేపు కొట్టాడు. తర్వాత చేతులు ముడుచుకున్నాడు. "సాధ్యపడదు. దానం అనే గడి నింపితే తప్ప తర్వాతి పేజీ రావడం లేదు."

"ఆ గడిలో సున్నా ఎయ్యండి."

"వేశాను. సున్నా దానం దానం కాదంటోంది. మీరు ఒక్కసారి, కేవలం ఒక్కసారి ఆలస్యం చేయండి. స్వల్ప మొత్తమే. సర్టిఫికెట్టు నేను స్వహస్తాలతో అందజేస్తాను. లక్ష్యం కూడా నెరవేరుతుంది. నా బదిలీ విషయం కూడా ఇందులో ఇమిడి ఉందని వ్యక్తిగతంగా విన్నవించుకుంటున్నాను."

హుసేనయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. మాబున్ని సంగతంతా విని, "పోనీ ఒక్క నెల ఆలస్యం చేస్తే ఏమైతాది? ఆ ఖాసింబీకి మిషనన్నా వస్తాది. విమానం నీకోసం నిలబడి ఉంటాదా?" అంది.

"చేతిలో డబ్బు పెట్టుకుని ఇయ్యాల్సినోనికి ఇయ్యకుండా తిప్పుకుంటే, అది అన్యాయమని చిన్నప్పటి నుంచి వింటాండ మాబున్నీ. ఆ అన్యాయం చేసి, దాని రసీదు ఎత్తుకుని నేను ఆడికెట్ల పోయేది?"

"మరి పోకుండా ఉంటావా?"

జన్మంతా ఎదురుచూసిన ప్రయాణం ఒక ఖాళీ గడి దగ్గర ఆగిపోయి ఉంది. ఆ గడిని నింపడానికి ఆయన మనసు సగం సిద్ధపడిపోయిందని, మిగిలిన సగం సిగ్గుతో చచ్చిపోతోందని మాబున్నికి ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

సిగ్గుపడుతున్న ఆ సగం మనసును నిలబెట్టింది ఖాసింబీయే. మూడో రోజు ఆమె అంగడికి వచ్చింది. చేతిలో ఆకుపచ్చ కార్డు ఉంది.

"మిషనొచ్చింది మామా. ఎవరో పుణ్యాత్ముడు ఆలస్యం చేసినాడంట. చైర్మను చేత్తో ఇచ్చినాడు, ఫోటో తీసినారు. ఇంటికొచ్చి చూస్తే దాంతోపాటు ఇది కూడా ఉంది. మిషను రేటంతా దీంట్లో ఎక్కించినారంట. పదో తేదీ లోపల నేను కట్టల్లంట. దానమని కదా ఇచ్చింది?"

హుసేనయ్య కార్డును తిప్పి తిప్పి చూశాడు. దూది మిషను ఆపి, అంగడి తలుపు దగ్గరికి లాగాడు. జన్మలో మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది. నేరుగా మౌలానా జైనుల్లా సాహెబు ఇంటికి పోయి అంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. మౌలానా వింటూ వింటూ కుర్చీ మీద మడిచి ఉన్న శాలువాను చూశాడు. దాన్ని అక్కడే వదిలేసి, చెప్పులు వేసుకున్నాడు.

బ్యాంకులో శేషఫణి వాళ్ళిద్దరినీ మర్యాదగా కూర్చోబెట్టి, సమోసాలు తెప్పించబోయాడు. మౌలానా వద్దన్నాడు.

"పేదలకు ఇచ్చే మిషనును అప్పు కింద రాసినారంట, నిజమేనా?"

శేషఫణి ముఖం వెలిగింది. ఆ పథకం మీద సర్క్యులరు ఆయనకు కంఠతా వచ్చు. "పేదవాడు ఎల్లకాలం పుచ్చుకుంటూనే ఉండాలా మౌలానా? పేదవాడికి కూడా దాతృత్వపు ఆనందాన్ని అందుబాటులోకి తేవడమే మా ధ్యేయం. మిషను కార్డు మీద ఇస్తాం. లబ్ధిదారు సహజంగానే ఆలస్యం చేస్తారు. తద్వారా వారు కూడా దాతలవుతారు. మరీ ఆలస్యమైతే మిషనును వెనక్కి తీసుకుని మరొక పేదకు దానం చేస్తాం. నిజానికి ఆ మొదటి మిషనే ఇప్పటివరకు దాదాపు మండలమంతటా దానమైంది. ఒక్క సూది మార్చాం, అంతే."

"మరి నిధిలో ఉన్న డబ్బు?"

"భద్రంగా ఉంది. మన బ్యాంకులోనే డిపాజిట్టు చేశాం."

"మీరు పంట తినకుండా నేను కంచె ఏసినా సార్," అన్నాడు మౌలానా. "మీరు కంచెను సాగు చేస్తాండారు. తప్పు నాది కూడా. ఏసి ఇంటికి పోయినా, మల్ల వచ్చి చూడలేదు." ఆ తర్వాత హుసేనయ్య ఒళ్ళో ఉన్న సంచి వైపు చూపించాడు. "ఈయన బాకీ తీర్చేకి వచ్చి మీ ఎదుట కూర్చున్నాడు. డబ్బు తెచ్చినాడు. మీరు తీసుకోనన్నారు. అప్పుడు ఆలస్యం ఎవరిది?"

"అర్థం కాలేదు."

"ఇచ్చేవాడు చెయ్యి చాచినాడు. పుచ్చుకునేవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆలస్యం చేసింది ఎవరు? మీ బ్యాంకు. ఆలస్యం చేసినోడు దానం చేయల్ల. అదే కదా మనం పెట్టుకున్న నియమం?"

శేషఫణి ఉద్యోగ జీవితంలో బ్యాంకు ఎన్నడూ ఆలస్యం చేసి ఉండలేదు, ఆలస్యాలన్నీ ఖాతాదారులవే. హెడ్డాఫీసుకు ఫోను చేశాడు. అటువైపు మాటలు వింటూ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఫోను పెట్టేసేసరికి ఆయన ముఖంలో భయం పోయి, అయోమయం వచ్చింది.

"చైర్మను గారు అమితానందం వ్యక్తం చేశారు. ఇంతకాలం బ్యాంకు ఇతరులచేత దానం చేయించిందే గానీ, స్వయంగా దాత అయ్యే మార్గం తోచక మథనపడుతున్నారట. ఆ మార్గం మీరు చూపించారు. హుసేనయ్య గారి విషయంలో జరిగిన ఆలస్యానికి బ్యాంకు స్వచ్ఛందంగా దానం చేస్తుంది. ఆ దానాన్ని గడిలో వేయవచ్చునని అనుమతించారు."

వేశాడు. కంప్యూటరు ఒప్పుకుంది. తర్వాతి పేజీ వచ్చింది. హుసేనయ్య డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ప్రింటరు గరగరమని, బాకీ ఏమీ లేదని రాసి ఉన్న కాగితం బయటికి వచ్చింది. దాని అడుగున 'దాన గుణం' అన్నచోట 'బ్యాంకుది' అని పడింది. హుసేనయ్య దాన్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. మౌలానా మాత్రం, ఖాసింబీ సంగతి ఏం చేస్తారో చెప్పమని అక్కడే కూర్చున్నాడు. పరిశీలనలో ఉందని చెప్పారు. అప్పటికప్పుడు సలహాదారు పనికి రాజీనామా రాసి ఇచ్చి వచ్చాడు. దాన్ని కూడా పదో తేదీ తర్వాతే స్వీకరిస్తామన్నారు.

కథ ఇక్కడ ఆగి ఉంటే ఊరు బాగుపడేది. కానీ చైర్మను గారి ఆనందం ఆగలేదు. ఒక్క హుసేనయ్య విషయంలో ఆలస్యం చేస్తేనే బ్యాంకు ఇంత దాత అయితే, అందరి విషయంలోనూ ఆలస్యం చేస్తే ఎంత దాత అవుతుందో ఆయన ఊహించుకున్నారు. ఊహకు అందలేదు. అందుకని సర్క్యులరు పంపారు. డిపాజిట్ల డబ్బు, పింఛన్లు, గడువు తీరిన బాండ్లు, ఏది అడిగినా ఇక మీదట వీలైనంత ఆలస్యంగా చెల్లించాలి. ఆలస్యమైన ప్రతి రూపాయికీ బ్యాంకు తన నుంచి తీసి తన దగ్గరే ఉన్న పేదల నిధిలో వేస్తుంది. డబ్బు కోసం కౌంటర్ల ముందు నిలబడినవాళ్ళకు సిబ్బంది దండం పెట్టి, మీ వల్లనే సార్ ఇంత పుణ్యం అని చెప్పి పంపించాలి.

వారం తిరిగేసరికి ప్రొద్దుటూరులో బ్యాంకుకు బాకీ లేనివాడు, బ్యాంకు తనకు బాకీ లేనివాడు ఒక్క హుసేనయ్యే మిగిలాడు. నోటీసు బోర్డు మీద ఆయన పేరును ఎవరూ తీయలేదు. ఇప్పుడు దాని ముందు నిలబడి చూసేవాళ్ళ ముఖాల్లో వేరే రకం భావం కనిపించేది.

ప్రయాణం రోజు అంగడి ముందు బస్సు ఆగింది. హైదరాబాదు దాకా బస్సులో పోయి, అక్కడ విమానం ఎక్కాలి. హుసేనయ్య, మాబున్ని మెడల్లో మల్లెపూల దండలు. ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని, మా వల్ల తప్పేమన్నా జరిగి ఉంటే మనసులో పెట్టుకోవద్దని అడుగుతున్నారు. హజ్‌కు పోయేవాళ్ళను అందరూ, ఆడ మా కోసం ఒక దువా చెయ్యండని అడగడం మామూలే. ఏటా పిల్లల పెళ్ళిళ్ళు, మోకాళ్ళ నొప్పులు, కోర్టు తగాదాలు ఉంటాయి. ఈసారి అందరిదీ ఒకటే దువా. బ్యాంకులో ఇరుక్కున్న మా డబ్బు మాకు వచ్చేటట్టు అడుగు హుసేనయ్యా అన్నారు, దయ లేనోడివని పరుపు రేటు తగ్గించమన్నవాళ్ళే.

శేషఫణి కూడా వచ్చాడు. జనాన్ని చూసి గోడ వారగా నిలబడ్డాడు. హుసేనయ్యే ఆయన దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాడు.

"మిమ్మల్ని శానా ఇబ్బంది పెట్టినా సార్. మన్నించండి."

శేషఫణి మెల్లగా దగ్గాడు. అటూ ఇటూ చూశాడు. మొట్టమొదటిసారి సర్క్యులరు భాష వదిలేసి మామూలుగా మాట్లాడాడు. "నాకోసం కూడా ఒక మాట అడుగు హుసేనయ్యా. జీతం పదో తేదీకి ముందు పడేటట్టు. మా అబ్బాయి కాలేజీ ఫీజు ఆలస్యమవుతోంది. వాళ్ళు దానం కింద తీసుకోరట, ఫైన్ అనే అంటున్నారు."

చివర్లో ఖాసింబీ వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"నీ మిషనేది తల్లీ?" అన్నాడు హుసేనయ్య.

"నిన్న ఎత్తుకపోయినారు మామా. వేరే పేదోళ్ళకు దానం చేసేదుందంట. పోతే పోయింది, పీడా పోయిందనుకున్నా. కానీ వచ్చే నెల జాబితాలో మల్ల నా పేరే మొదట ఉందంట. మిషను లేదు, పైగా ఇప్పుడు అప్పు కూడా ఉంది కాబట్టి నాకు అర్హత పెరిగిందంట." ఆమె కొంగు సర్దుకుంది. "ఆడ దేవుని ఇంటి ముందర నిలబడినప్పుడు నా కోసం ఒక్కటే అడుగు మామా. నాకు మల్ల దానం చేయకుండా చూడమను."

డ్రైవరు హారను కొట్టాడు. మాబున్ని బస్సు మెట్టు మీద నుంచి పిలుస్తోంది.

"నేను తిరిగొచ్చినాక నీకు మిషను కొనిస్తా ఖాసింబీ," అన్నాడు హుసేనయ్య. "కాగితం లేదు, కార్డు లేదు. ఊరకనే ఇస్తా."

ఖాసింబీ బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఊరకనే వద్దు మామా," అంది. "అప్పుగా ఇయ్యి. అప్పయితే ఎట్లో తీర్చుకుంటా."